హైదరాబాదులో కూర్చుని హైదరాబాదు కోడ్

మధురానగర్, హైదరాబాదు
ఆదివారం, సాయంత్రం

అక్కయ్యకు తమ్ముడు సత్యం నమస్కారాలు.

నా ఒంట్లో బాగానే ఉంది, ముందు ఆ ముక్క చదివి కుదుటపడు. నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? నేను పంపిన నూనె రాస్తున్నావా, లేక సీసాని గూట్లో పెట్టి రోజూ దణ్ణం పెడుతున్నావా? బావగారి దగ్గు తగ్గిందని తలుస్తాను. చుట్ట మానేశారని రాశావు. నాకు నమ్మకం లేదు గానీ సంతోషించాను. చిన్నదాని పరీక్షలు దగ్గర పడ్డాయి కదా, దాన్ని పనులు చెప్పి లేపకు, చదువుకోనియ్యి.

పోయిన నెల ఉత్తరంలో అంతా బాగుందని రాశాను. అప్పుడు బాగానే ఉంది. ఇప్పుడు బాగా లేదు. నా మూలాన ఇక్కడ ఒక పెద్దావిడ చెయ్యని తప్పుకి మాట పడి ఇల్లు వదిలి వెళ్ళిపోయింది. ఆ తప్పు నాది. నీ మరదలు సరోజకి ఇంకా చెప్పలేదు. వేసవి సెలవుల్లో పిల్లల్ని తీసుకుని తెనాలి నుంచి ఇక్కడికి వచ్చెయ్యాలని సామాను సర్దుకుంటోంది, ఇప్పుడీ సంగతి ఏ నోటితో చెప్పను? అందుకని నీకు రాస్తున్నాను. చదివి నీ దగ్గరే ఉంచుకో. బావగారికి చెప్పినా ఫరవాలేదు గానీ తెనాలి దాకా పోనివ్వకు.

ఇక్కడి ఎండ మన వైపు ఎండలాంటిది కాదు. చెమట పట్టదు, పెదాలు పగులుతాయి. నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి. మెస్సులో అన్నం బాగానే పెడతారు, పప్పు మాత్రం నీళ్ళలో మునిగి ఉంటుంది, గరిటెతో వెతుక్కోవాలి. ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త కందిపొడి పంపించు. నీ దగ్గర ఉంచిన నా ట్రంకుపెట్టెలో హయ్యర్ టైపు సర్టిఫికెట్టు ఉంది, అది కూడా జాగ్రత్తగా అట్టలో పెట్టి పంపించు, అవసరం పడేటట్టుంది.

నేను పనిచేసేచోటు అమీర్‌పేటలో మూడో అంతస్తు. కింద నుంచి పైదాకా బోర్డులే, గోడ ఏ రంగో ఇప్పటిదాకా నాకు తెలీదు. బస్సు దిగి మెట్లెక్కేలోపు నాలుగు కాగితాలు చేతిలో పెడతారు. ఈ నెరిసిన తల చూసి కూడా జావా నేర్చుకోమని వెంటపడతారంటే వాళ్ళ ఆశ చూడు. తెనాలిలో నా టైపు ఇన్‌స్టిట్యూటు మూతపడిందే ఈ కంప్యూటర్ల వల్ల, మళ్ళీ ఆ కంప్యూటర్లే నాకు ఇక్కడ అన్నం పెడుతున్నాయి. అమెరికాలో డాక్టర్లు రోగుల గురించి టేపులో చెప్పిన మాటల్ని ఇక్కడి పిల్లలు చెవులకి తగిలించుకుని విని టైపు చెయ్యాలి. వినడం వేరే మేడమ్ నేర్పుతుంది. వేళ్ళు మాత్రం నావి. కీబోర్డు వంక చూడకుండా కొట్టడం, ఉన్నది ఉన్నట్టు కొట్టడం, ఒక్క అక్షరం మింగకుండా కొట్టడం. ఇరవై రెండేళ్ళు తెనాలిలో చెప్పిందే ఇక్కడా చెబుతున్నాను.

నెల కిందట ఫోన్ల దగ్గర కూర్చునే అమ్మాయి పెళ్ళి కుదిరి మానేసింది. మా మేనేజరు ప్రసాద్ గారు, ఆయనదీ మన వైపే, నన్ను పిలిచి, "సత్యం గారూ, మీది నిదానమైన గొంతు, మాట స్పష్టంగా ఉంటుంది. కొత్తమ్మాయి దొరికేదాకా మధ్యాహ్నాలు కాస్త ఫోన్లు కూడా చూద్దురూ" అన్నారు. నేను పొంగిపోయాను. పొగడ్తకి లొంగే గుణం నాకు చిన్నప్పటి నుంచీ ఉందని నువ్వు అంటూనే ఉండేదానివి. "ముందు సున్నా ఉండాలండోయ్, అప్పుడే బయటి లైను దొరుకుతుంది" అని చెప్పి ఆయన వెళ్ళిపోయారు.

పని ఏమిటంటే, కోర్సు పూర్తిచేసినవాళ్ళు ఒక ఫారం మీద పేరు, చిరునామా, ఫోను నంబరు రాసి వెళతారు. కంపెనీ ఎవరినైనా ఇంటర్వ్యూకి పంపమంటే మేము వాళ్ళకి ఫోన్ చేసి చెప్పాలి. చెప్పామని రిజిస్టర్లో రాయాలి. చాలామందికి ఇంట్లో ఫోను ఉండదు, పక్కింటి నంబరు రాసి పక్కన పి.పి. అని పెడతారు, మన సుబ్బలక్ష్మి గారి నంబరు మనం ఊరందరికీ ఇచ్చినట్టు.

ఆ ఫారాల్లో కొందరు ఉత్త నంబరు రాస్తారు. కొందరు ముందు సున్నా నలభై పెట్టి రాస్తారు. ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగినవాళ్ళకి కోడ్ రాయాలన్న ఆలోచనే రాదు. బయటి ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళే కోడ్‌తో సహా రాస్తారు, ఊళ్ళో అమ్మానాన్నలకి అలాగే ఇచ్చి అలవాటు కాబట్టి. నేనూ అంతే కదా. తెనాలిలో ఎస్టీడీ బూత్‌లో నిలబడి హైదరాబాదుకి ఎన్నిసార్లు చేశానో, ప్రతిసారీ ముందు సున్నా నలభై. నా వేలికి హైదరాబాదంటే అదే.

కాబట్టి కోడ్ లేని నంబర్లకి ముందు సున్నా కలిపి కొట్టాను. కోడ్ ఉన్నవాటికి ముందే సున్నా ఉంది కదా, ప్రసాద్ గారు ఉండాలన్న సున్నా అదే కాబోలు అనుకుని, కాగితం మీద ఉన్నది ఉన్నట్టు కొట్టాను. కోడ్ లేనివన్నీ చక్కగా తగిలేవి. కోడ్ ఉన్నవాటిలో చాలావాటికి ఎవరో ఎత్తి రాంగ్ నంబర్ అనేవారు, లేదంటే ఆ నంబరు లేదని టేపు వినిపించేది. నేను రిజిస్టర్లో ఎర్ర సిరాతో 'నంబరు తప్పు' అని రాసేవాణ్ణి. పైగా మనసులో విసుక్కునేవాణ్ణి, పల్లెల నుంచి వచ్చిన పిల్లలు సొంత ఫోను నంబరు కూడా సరిగ్గా రాయలేరు, వీళ్ళకి ఉద్యోగాలెలా వస్తాయి అని. నేనేదో ఏడు తరాలుగా హైదరాబాదు నవాబుని అయినట్టు.

ఇప్పుడు లక్ష్మి సంగతి. లక్ష్మి నా క్లాసులో అందరికంటే పెద్దది, ముప్పై దాటి ఉంటాయి. వాళ్ళది జనగామ వైపు. భర్త రాములు ఒక ఆఫీసులో డ్రైవరు. ఎర్రగడ్డ నుంచి బస్సులో వచ్చేది. పెళ్ళికి ముందు జనగామలో లోయర్ టైపు పాసయిందట. మొదటి రోజు ఆ చేతులు కీబోర్డు మీద పెట్టడం చూడగానే ఎవరో మంచి మాస్టారి దగ్గర నేర్చుకుందని తెలిసిపోయింది. రోగాల పేర్లు తెలుగు అక్షరాల్లో రాసుకుని బస్సులో బట్టీపట్టేది. వాళ్ళ అత్తగారు మల్లమ్మకి మొదట్లో కోడలు ఉద్యోగానికి పోవడం ఇష్టం లేదనీ, తర్వాత తర్వాత ఊరుకుందనీ ఒకసారి చెప్పింది. కోర్సు అయ్యాక రెండు నెలలుగా మా ఫోను కోసం కనిపెట్టుకుని ఉంది.

మూడు వారాల కిందట పంజాగుట్టలోని ఒక కంపెనీ ఎనిమిది మందిని పంపమంది. జాబితాలో లక్ష్మిదే మొదటి పేరు, అలా రాయించింది నేనే. నంబరు పి.పి., ముందు సున్నా నలభై ఉంది. కొట్టాను. ఒక పెద్దావిడ ఎత్తింది. "లక్ష్మి ఉందాండీ?" అంటే "లేదు బాబూ, బయటికి పోయింది, ఏం చెప్పాలె?" అంది. "రేపు పదకొండింటికి సర్టిఫికెట్లు తీసుకుని రమ్మని చెప్పండి, ఇన్‌స్టిట్యూట్ నుంచి" అన్నాను. "గట్లనే చెప్త" అంది. నేను రిజిస్టర్లో 'ఇంట్లో పెద్దావిడకి చెప్పడమైనది' అని గుండ్రటి అక్షరాలతో రాసి కింద గీత కూడా గీశాను.

లక్ష్మి వెళ్ళలేదు. కంపెనీవాళ్ళు అడిగితే ప్రసాద్ గారు 'ఆసక్తి లేదు' అని రాయించి పంపారు. ఆ కాగితం టైపు చేసిందీ నేనే. తప్పుల్లేకుండా చేశాను.

పోయిన వారానికి ముందు గురువారం లక్ష్మే ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చింది. "సార్, ఫోన్ చేస్తమన్నరు గదా, ఇగ చేస్తలేరేంది? నాతోని చదివినోళ్ళు నౌకర్లల్ల చేరిన్రు" అంది. నాకు కొంచెం కోపమే వచ్చింది. రిజిస్టరు తీసి ఆమె ముందు పెట్టాను. "చూడమ్మా, మేము చేశాం. మీ ఇంట్లో పెద్దావిడ ఎత్తింది. చెబుతానంది. ఇంట్లోవాళ్ళు చెప్పకపోతే మేమేం చేస్తాం?" అన్నాను.

అక్కయ్యా, అప్పుడామె మొహం మారిపోవడం నేను చూశాను. ఆ నంబరు పక్కింటి సుజాత టీచరుది. ఆవిడ పొద్దున బడికి పోతూ తాళంచెవి వీళ్ళ దగ్గరే పెట్టి పోతుంది. పగటిపూట ఆ ఇంట్లో ఫోను ఎత్తే పెద్దావిడ ఎవరంటే మల్లమ్మ ఒక్కతే. "మా అత్తమ్మే సార్" అంది లక్ష్మి మెల్లగా. "నేను నీళ్ళకు పోయి వచ్చేసరికి గాళ్ళ గడప మీద కూసోని ఉంటది. ఎందుకు కూసున్నదో ఇప్పుడు సమజైంది." నాకు నమస్కారం పెట్టి మెట్లు దిగి వెళ్ళిపోయింది. నేను రిజిస్టరు మూసి టీ తాగాను.

ఆ తర్వాత ఆరు రోజులు నాకేమీ తెలీదు. బుధవారం నాడు గదిలో పంపు కట్టేశానో లేదోనని అనుమానం వచ్చింది. గది అద్దెకిచ్చిన ఇంటివాళ్ళకి ఫోన్ చేసి చూడమందామనుకున్నాను. నీకు రాసి ఇచ్చానే, ఆ నంబరే. ఇంతకు ముందెప్పుడూ ఇక్కడి నుంచి దానికి చెయ్యాల్సిన పని పడలేదు. అలవాటుగా సున్నా నలభైతో మొదలుపెట్టి కొట్టాను. ఎవరో ఎత్తి రాంగ్ నంబర్ అన్నాడు. మళ్ళీ కొట్టాను, మళ్ళీ అతనే. మూడోసారి అతను తిట్టాడు కూడా. ఆ నంబరు నాకు నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. అది తప్పెలా అవుతుంది?

మా ఆఫీసులో టీలు, తాళాలు చూసే యాదగిరి అని ఉన్నాడు, నా ఈడువాడే. గ్లాసు పెట్టడానికి వచ్చి నా వేలు చూస్తూ నిలబడ్డాడు.

"జర ఆగుండ్రి సార్. ఏం కొడ్తున్నరు మీరు?"

"నంబరే. సున్నా నలభై..."

"హైదరాబాద్ల కూసొని హైదరాబాద్ కోడ్ కొడ్తరా సార్?" అని నవ్వాడు. "లోకల్ నంబర్‌కు కోడెందుకు? పైంగ మన లైన్‌కు మొదటి సున్నా గీ డబ్బా తింటది. బాహర్ లైన్ కోసం. మిగిలింది నాలుగు, సున్నా. గాడికెల్లి నంబర్ షురువైతది. ఏడంకెలు నిండంగనే ఎవలింట్లనో మోగుతది. ఎనకటి అంకెలు ఉత్తగనే పోతయి."

అతను నవ్వుతూనే ఉన్నాడు. నేను గ్లాసు పక్కకి జరిపాను. రిజిస్టరు తీశాను. 'నంబరు తప్పు' అని రాసినవన్నీ కోడ్ ఉన్న నంబర్లే. కాగితం మీద లెక్కవేసి చూశాను, యాదగిరి చెప్పింది అక్షరాలా నిజం. తర్వాత లక్ష్మి నంబరు వంతు వచ్చింది. ముందు నేను చేసిన తప్పు పద్ధతిలోనే మళ్ళీ కొట్టాను. అదే పెద్దావిడ ఎత్తింది. "అమ్మా, లక్ష్మికి చెప్పమని ఇన్‌స్టిట్యూట్ నుంచి చేశాను, గుర్తుందా?" అన్నాను. "ఆ, గుర్తుంది. మా మనవరాలు లక్ష్మి, నాలుగో తరగతి. సర్టిఫికెట్లంటే బడోళ్ళనుకున్న బాబూ. బడికి పోయి అడిగితే మేం చెయ్యలేదన్నరు. ఎవలు నువ్వు?" అంది. ఫోను పెట్టేశాను. అలా పెట్టెయ్యడం కూడా తప్పే.

ఈ ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఒక లక్ష్మి ఉంటుంది, ఒక పెద్దావిడ ఉంటుంది. ఏ వీధి, ఏ ఇల్లు అని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. నాకు నంబరు మీద అంత నమ్మకం.

'నంబరు తప్పు' అని రాసినవాళ్ళందరికీ ఆ సాయంత్రమే సరిగ్గా చేశాను. అందరూ మొదటిసారికే దొరికారు. వాళ్ళవి సర్టిఫికెట్లు వచ్చి తీసుకెళ్ళమన్న కబుర్లే కాబట్టి పెద్ద నష్టం జరగలేదు. సుజాత టీచరు నంబరుకి మాత్రం ఎన్నిసార్లు చేసినా ఎవరూ ఎత్తలేదు, ఆవిడ ఊరెళ్ళిందేమో.

గురువారం ప్రసాద్ గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన తలుపు వేశారు. "ఏంటండీ సత్యం గారూ, ఇప్పుడిది బయటికి చెబితే కంపెనీ మన దగ్గరికి మళ్ళీ వస్తుందా? రిజిస్టర్లో ఉన్నది అలాగే ఉండనివ్వండి. ఆవిడ అదృష్టం అంతే" అన్నారు. నేను ఆమె ఇంట్లో ఏమైందోనని భయంగా ఉందన్నాను. "అత్తాకోడళ్ళ గొడవలు మనమా తీర్చేది? మీరింకా పర్మినెంట్ కాలేదు, మర్చిపోకండి" అన్నారు. మర్యాదగానే అన్నారు. ఆ మర్యాదకే నాకు ఒళ్ళు మండింది. అయినా అప్పుడు తలూపి బయటికొచ్చాను, అబద్ధం ఎందుకు చెప్పాలి నీకు.

శుక్రవారం భోజనాల వేళ పంజాగుట్టకి నడిచి వెళ్ళాను. కంపెనీలో ఆ సంగతులు చూసే అమ్మాయి ఓపిగ్గానే విన్నది. "మీ దగ్గర్నుంచే ఆసక్తి లేదని కాగితం వచ్చింది కదండీ. ఆ ఎనిమిదీ నిండిపోయాయి. మళ్ళీ ఎప్పుడు తీసుకుంటామో చెప్పలేను" అంది. లక్ష్మి పేరు, సరైన నంబరు రాసి ఇచ్చాను. ఆ అమ్మాయి బల్ల సొరుగులో పెట్టుకుంది. ఆ సొరుగులో అలాంటి కాగితాలు చాలా ఉన్నాయి.

ఈ రోజు పొద్దున ఫారం మీది చిరునామా పట్టుకుని ఎర్రగడ్డ వెళ్ళాను. రైతుబజారు వెనక సందులో ఇల్లు. లక్ష్మి వాకిట్లో బట్టలు ఆరేస్తోంది. నన్ను చూడగానే తడి చేతులు కొంగుకి తుడుచుకుని ఎదురొచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"సార్! కాల్ వచ్చిందా సార్? మీరే వచ్చిన్రా చెప్పనీకి?"

కుర్చీ వేసింది. కూర్చోలేదు. నిలబడే చెప్పాను, ఏమీ దాచకుండా. మొదట ఆమెకి అర్థం కాలేదు. రెండోసారి చెప్పమంది. చెప్పాను.

"అంటే మా అత్తమ్మ ఎత్తలేదా?"

"ఎత్తలేదమ్మా. మీ పక్కింట్లో అసలు ఫోనే మోగలేదు."

ఆమె గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. నేను రిజిస్టరు చూపించిన రోజే ఇంటికి వచ్చి మల్లమ్మని నిలదీసిందట. అనకూడని మాటలన్నీ అన్నదట. మల్లమ్మ తనకి తెలీదని చెప్పినకొద్దీ ఇంకా గట్టిగా అన్నదట. రాములు కూడా రిజిస్టర్లో రాసి ఉందంటే తల్లి వైపు మాట్లాడలేకపోయాడు. మర్నాడు తెల్లారేసరికి ఆవిడ ఒక చీర సంచిలో పెట్టుకుని జనగామలో కూతురింటికి వెళ్ళిపోయింది. నిన్న రాములు వెళ్ళి బతిమాలాడు. రానంది. ఒక్కడే తిరిగొచ్చి ఈ రోజు డ్యూటీకి పోయాడు.

"నేను మాట్లాడతానమ్మా, ఫోనుందా అక్కడ?" అన్నాను. కూతురింటి పక్క కిరాణా దుకాణంలో ఉందంది. ఇద్దరం ఎస్టీడీ బూత్‌కి వెళ్ళాం. గోడ మీద అంటించిన పట్టికలో జనగామ కోడ్ వెతికి, రెండుసార్లు సరిచూసుకుని కొట్టాను. దుకాణం అతను, "పది నిమిషాలాగి చేయండ్రి, పిలుస్త" అన్నాడు. ఆ పది నిమిషాలూ లక్ష్మి నేల చూస్తూ నిలబడింది.

మళ్ళీ చేశాను. మల్లమ్మ వచ్చింది. నేను ఎవరినో చెప్పాను. నేను చేసిన తప్పు చెప్పాను. వినపడుతోందా అమ్మా అని అడిగాను.

"ఇనవడుతున్నది సారూ" అంది. "నా కోడలు నీళ్ళకు పోయినప్పుడు ఫోన్ మోగుతదేమోనని రోజు గా గడప మీద నేనే కూసున్న. బువ్వ సుత ఆడనే తిన్న. మోగలే. మోగలేదని చెప్తే అబద్ధమన్నది." మళ్ళీ తనే, "నువ్వెవరో దానికి చుట్టం కాదు, పక్కం కాదు. నీ బుక్కుల రాసింది నమ్మింది. పన్నెండేండ్ల సంది ఒక్కింట్ల ఉంటున్న. ఎదురుంగ నిలవడి నేను చెప్తే నమ్మలే" అంది.

నేను రిసీవరు చెవికి కొంచెం ఎడంగానే పట్టుకున్నాను. లక్ష్మి అంతా విన్నది. నా చేతిలోంచి లాక్కుని "అత్తమ్మా" అనేసరికి, అవతల "దుకాణపాయనకు ఫోన్లు రావాలె" అని పెట్టేసిన చప్పుడు వినిపించింది.

బూత్ బయట లక్ష్మి ఏడవలేదు. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండునని నేను అనుకుంటూనే ఉన్నాను. "రేపు మొదటి బస్సుకు పోతం సార్. నేనూ, మా ఆయన. మీరు సుత రావాలె" అంది. "నౌకరి సంగతి మల్ల చూస్త. ముందుగాల అత్తమ్మ ఇంటికి రావాలె." నేను వస్తానన్నాను. అన్న తర్వాత గుర్తొచ్చింది, రేపు సోమవారం, కొత్త బ్యాచి మొదలు.

అక్కడి నుంచే ప్రసాద్ గారింటికి ఫోన్ చేసి ఒక్కరోజు సెలవు అడిగాను. ఎందుకని అడిగారు. చెప్పాను. "ఆ పని మీద వెళితే మళ్ళీ ఇటు రానక్కర్లేదు" అన్నారు. వెళుతున్నానని చెప్పి పెట్టేశాను. తర్వాత ఆఫీసుకి వెళ్ళి యాదగిరి చేత తాళం తీయించి, రిజిస్టర్లో ఆ గుండ్రటి అక్షరాలని కొట్టేసి, 'ఈ కబురు లక్ష్మి ఇంటికి చేరలేదు, నేను తప్పు నంబరు కొట్టాను' అని రాసి సంతకం పెట్టి వచ్చాను. యాదగిరి చూస్తూ ఉన్నాడు. "పెద్ద సారు కోపం చేస్తడు సార్" అన్నాడు. చెయ్యనియ్యి అన్నాను.

మన సరోజకి ఏం రాయాలో, పిల్లల బడి సంగతి ఏం చెయ్యాలో రేపు తిరిగొచ్చాక ఆలోచిస్తాను. ఈ ఊళ్ళో టైపు నేర్పేచోట్లు ఇంకా ఉన్నాయి, నువ్వు నా గురించి బెంగపెట్టుకుని మందులు మానకు. నిజంగా చెబుతున్నాను, నేను బాగానే ఉన్నాను, వేళకి తింటున్నాను. బావగారికి నమస్కారాలు. సుబ్బలక్ష్మి గారికి నేనడిగానని చెప్పు. చిన్నదానికి నా దీవెనలు.

రేపు మల్లమ్మ మమ్మల్ని చూసి తలుపు తీస్తుందో లేదో తెలీదు. తీస్తే ఏం చెప్పాలా అని బస్సులో వస్తూ ఎన్నోసార్లు అనుకున్నాను. 'తప్పు నాదమ్మా' అన్న మాట దగ్గరే ఆగిపోతోంది. అది ఆవిడకి ఇంతకు ముందే తెలుసు. ఆవిడకి కావలసింది ఆ మాట కోడలి నోటి నుంచి. నేను చెయ్యగలిగిందల్లా ఆ గడప బయట, ఇద్దరికీ కనపడేటట్టు నిలబడి ఉండడమే. ఎంతసేపైనా నిలబడతాను.

నీ చెయ్యి నా తల మీద ఉందనుకుని బయలుదేరుతున్నాను.

నీ తమ్ముడు,
సత్యం